తడి ఆరనివ్వని మామ్మ

వియత్నాంలో ఒక గుడి కాపలాదారు మణికట్టు గట్టిగా పట్టుకుని ఆపాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. రోజూ డైరీ రాసే నేను ఆ రోజు పేజీలో కూడా సముద్రం గురించీ, తిన్న చేపల కూర గురించీ రాసి ఊరుకున్నాను. చెప్పినా మా ఇంట్లో నమ్మరు. బస్సు ఆపమని అరవడానికి నోరు రాక, తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచొచ్చే మనిషిని నేను.

అంత పని నా చేత చేయించినావిడ ఈ వానలు మొదలైన కొత్తలో చనిపోయింది. మా తెలుగు సంఘంవాళ్లు సంతాప సభ పెట్టారు. ఒక పెద్దాయన లేచి, "ఆమె శాంతమూర్తి. ఎవరినీ పల్లెత్తు మాట అనని మనిషి" అన్నారు. వెనక వరసలో కూర్చున్న నేను నవ్వు ఆపుకోలేక చున్నీ నోటికి అడ్డం పెట్టుకున్నాను. పక్కనున్నావిడ ఏడుస్తున్నాననుకుని నా వీపు నిమిరింది. ఇంటికొచ్చేసరికి నవ్వు పోయి కోపం వచ్చింది. ఆవిడ ఎదురొస్తే పక్క సందులోకి తిరిగిపోయినవాళ్లే, ఇప్పుడు పోయిన మనిషి నోరు కూడా తీసేసుకుంటున్నారు. అది నేను ఒప్పుకోను. అందుకే ఇది రాస్తున్నాను.

బర్మాలో, యాంగాన్ శివార్లలోని ఇన్సేన్‌లో, రైల్వే వర్క్‌షాపు గోడ వెనక వరస ఇళ్లున్న మా లైన్లలో ఆవిడ అందరికీ మామ్మ. బర్మా ఇరుగుపొరుగు "అఫ్వా" అనేవారు. అర్థం అదే. నాకు చుట్టమేమీ కాదు. మా ముత్తాత లాగే ఆవిడ తాత కూడా శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చి రేవులో బస్తాలు మోసినవాడు. అందరూ యాంగాన్ అంటున్నా ఆవిడ నోట్లో మాత్రం ఈ ఊరు పాత పేరుతో రంగంగానే ఉండిపోయింది.

చెంపలకు బర్మా ఆడవాళ్లలాగ తనాఖా గంధం, నుదుట కాసంత కుంకుమ బొట్టు, కింద పూల లుంగీ, పైన చనిపోయిన భర్త రైల్వే ఖాకీ చొక్కా. నోట్లో తాంబూలం. గొంతు తగ్గించడం అనేది ఒకటుంటుందని ఆవిడకు తెలియదు. ఆసుపత్రిలోనూ, చావింట్లోనూ, బౌద్ధ మఠం మెట్ల మీదా ఒకే గొంతు. తెలుగువాళ్లతో గొడవ వస్తే బర్మీస్‌లో తిట్టేది, బర్మావాళ్లతో వస్తే తెలుగులో తిట్టేది. ఎందుకలా అని ఒకసారి అడిగాను.

"తిట్టు తెలిస్తే ఆలు మళ్లీ తిడతారు కదే. నాకు పొయ్యి మీద అన్నం ఉన్నాది. అంత సేపు నిలబడ్డానికి తీరికేదీ?" అంది.

ఎవరైనా సలహా చెప్పడం మొదలుపెడితే ఖాకీ చొక్కా జేబులోంచి అగ్గిపుల్ల తీసి చెవిలో పెట్టుకుని నిదానంగా తిప్పుకునేది. సలహా అయిపోయాక పుల్ల బయటికి తీసి, వెలుగులోకి పెట్టి చూసి, "ఏటీ రానేదు" అనేది. అంతటితో ఆ సలహా ముగిసినట్టే.

నన్ను చూస్తే మాత్రం పుల్ల బయటికి రాదు. నేను సలహాలిచ్చే రకం కాదు మరి. అరుగు మీద కూర్చుని ఏదో చదువుకుంటూ ఉంటే పుస్తకం పైన రెండు వేళ్లు పెట్టి కిందికి దించేది.

"అబ్బో, ఎనకాల పిల్ల ఉన్నాదే! మాటలన్నీ ఇందులో దాసుకుంటన్నావేటి? దాసుకుని ఏటి సేస్తావు, సెదలకి పెడతావా?"

నేను నవ్వి ఊరుకునేదాన్ని. ఆ ఊరుకోవడమే ఆవిడకు నచ్చేది కాదు.

లైన్ల చివర రేకుల కప్పు కింద మా అమ్మోరు ఉంది. నడుం ఎత్తు నల్లరాయి, పసుపు ముఖం, వెండి కళ్లు. మామ్మ రోజూ పొద్దున్నే తలుపు తీసి, "ఏటే, నిద్ర పట్టనేదా? కళ్లు అలాగున్నాయి" అని పలకరించేది. దండం పెట్టడం తర్వాత. పండగ నాడు ఆడవాళ్లు పసుపు నీళ్లలో వేపాకు వేసి, కుండల్లో నెత్తిన పెట్టుకుని తెచ్చి అమ్మోరి మీద పోస్తారు. వాటిని ముర్రాటలు అంటాం. మా లైన్లలో ముత్తాతల నాటి నుంచీ ఒక కట్టుబాటు ఉంది. అమ్మోరి ఒంటి మీద తడి ఉన్నంతసేపూ మగవాళ్లు గడప దాటకూడదు. ముర్రాటలు పోయడం అయ్యాక, ఒళ్లు తుడిచి, చీర మార్చి, బొట్టు పెట్టాకే లోపలికి రావాలి. ఆ తుడిచే పని, చీర కట్టే పని మామ్మది. ఆవిడకు ముందు వాళ్లమ్మది.

సంఘం కార్యదర్శి మా మావయ్య, అమ్మకు అన్న. చెడ్డవాడు కాదు. మా నాన్న పోయినప్పుడు ఆయనే మమ్మల్ని చూసుకున్నాడు. టౌన్‌లో సంఘంవాళ్లు పాలరాతి గుడి కట్టించాక, మా అమ్మోరిని కూడా అక్కడికి తీసుకెళ్లిపోవాలని ఆయన పట్టుదల. ఒక ఆదివారం వచ్చి మామ్మ ముందు బల్ల మీద కూర్చున్నాడు. టీ అందిస్తూ నేను అక్కడే ఉన్నాను.

"అమ్మా, రేకులు కారతన్నాయి. ఇది రైల్వే జాగా, ఎప్పుడు కాళీ సెయ్యమంటారో తెలీదు. రోజులు ఎలాగున్నాయో సూస్తన్నావు కదా. అక్కడయితే పంతులుగారున్నారు, లైట్లున్నాయి. అమ్మోరికి గాజు తలుపు పెట్టిస్తన్నాం."

"గాజు తలుపా? లోపల్నుంచి తీసుకోడానికి అవుద్దా?"

"ఎవరికి?"

"అమ్మోరికి."

మావయ్య టీ కప్పు కింద పెట్టేశాడు. "నవ్వులాట కాదమ్మా."

"సరే, నవ్వను. ముర్రాటలు ఎక్కడ పోస్తాం?"

"పాలరాయి మీద పసుపు మరక పడితే పోదు. ఏడాదికోపాలి పంతులుగారే నాలుగు సుక్కలు సల్లుతారు."

"సల్లుతారు." మామ్మ ఆ మాటను తాంబూలంతో పాటు నమిలింది. "నీకు నాలుగు సుక్కలు సల్లితే తానం అయిపోద్దేటి, బాబూ?"

మావయ్య ఇంకా చాలా చెప్పాడు. అందులో న్యాయమైన మాటలు లేకపోలేదు. రేకులు నిజంగానే కారేవి. మామ్మ అగ్గిపుల్ల తీసింది.

వియత్నాం ప్రయాణం ఆ తర్వాతే. టౌన్‌లో లత అనే పేటలో, ఒక ట్రావెల్ ఆఫీసులో టికెట్లు బుక్ చేసే ఉద్యోగం నాది. మామ్మ పసుపు కొమ్ములు కొనడానికి ఊరి చుట్టూ తిరిగే సర్క్యులర్ రైల్లో టౌన్‌కు వచ్చినప్పుడల్లా మా ఆఫీసులో ఏసీ కింద కాసేపు కూర్చుని, వచ్చే పోయే వాళ్లను ఎగాదిగా చూసి వెళ్లేది. ఒకరోజు గోడ మీద కొత్తగా అంటించిన బొమ్మ దగ్గర ఆగిపోయింది. ఎర్ర ఇటుకల గోపురం, దాని మెట్ల మీద నెత్తిన కుండలతో ఆడవాళ్లు.

"ఓలే, ఈలు మనోళ్లేటి?"

"కాదు మామ్మా. చాములని, వియత్నాంలో ఉంటారు. వెయ్యేళ్ల కిందటి గుళ్లవి. వాళ్ల రాజ్యం ఎప్పుడో పోయింది."

"గుళ్లు పాడుబడిపోనాయా?"

"కొన్ని పాడుబడ్డాయి. ఇందులో ఇప్పటికీ పూజలు జరుగుతున్నాయి. చాములూ వస్తారు, మిగతా జనమూ వస్తారు."

"లోపల ఎవులున్నారు?"

"అమ్మోరే."

"పద" అని లేచి చెప్పులేసుకుంది, లత నుంచి వియత్నాంకు కూడా సర్క్యులర్ రైలు ఉన్నట్టు.

ఆ ఏడు ఆఫీసు నన్ను ఒక టూరు గుంపుతో పంపింది. వెంట ఇంటివాళ్లను ఒకరిని తీసుకెళ్లొచ్చు. మా అమ్మకు బస్సెక్కితే వాంతులు. మామ్మకు పాస్‌పోర్టు ఉంది, శ్రీకాకుళం చూడాలని ఎప్పుడో తీయించుకున్నది. అటు వెళ్లడం పడనే లేదు. దాని మీద మొదటి ముద్ర వియత్నాందే పడింది.

న్యాచాంగ్ అనే ఊళ్లో, ఏరు సముద్రంలో కలిసే చోట, చిన్న గుట్ట మీద ఉన్నాయి ఆ గోపురాలు. పో నగర్ అంటారు. ఇటుకల సందుల్లో గడ్డి మొలిచి, ఎండకు తుప్పు రంగులో మెరుస్తున్నాయి. మామ్మ మెట్లెక్కి ఆయాసపడుతూ గోడకు అరచెయ్యి ఆనించింది. "ఏడిగా ఉన్నాదే, జొరం మనిషిలాగ" అంది.

మా గైడు ముందుగా గుట్ట మీదే ఉన్న ఒక చిన్న గదిలోకి తీసుకెళ్లాడు. అక్కడ విరిగిన రాతి బొమ్మలు పెట్టారు. చేతుల్లేని ఒక అమ్మవారు గాజు పెట్టెలో ఉంది. పక్కన పేరు రాసిన పలక. మామ్మ ఆ పెట్టె ముందు చాలాసేపు నిలబడింది.

"ఈ తల్లికి నీళ్లెవులు పోస్తారో అడగవే."

గైడుకు ఇంగ్లీషులో చెప్పాను. అతను నవ్వాడు. "ఎవరూ పోయరు. ఇది చూడ్డానికి పెట్టింది, పూజకు కాదు."

ఆ మాట మామ్మకు తెలుగులో చెప్పాను. రాతి భుజాల మీద సన్నటి దుమ్ము ఉంది. ఆవిడ దాన్నే చూస్తోంది. పుల్ల తీయలేదు. ఆవిడ నోరు మూసుకుని ఉండగా చూడటం నాకదే మొదటిసారి. మావయ్య చెప్పిన గాజు తలుపు నాకు గుర్తొచ్చింది.

అక్కడి నుంచి పెద్ద గోపురంలోకి వెళ్లాం. లోపల చీకటి, ధూపం, మసి పట్టిన గోడలు. పది చేతుల అమ్మవారు పట్టు బట్టల్లో కూర్చుని ఉంది. ముందు పళ్లు, పూలు. జనం పెదాలు కదుపుతూ లోలోపల మొక్కుకుంటున్నారు. మామ్మ మాత్రం పక్కింటి వాకిట్లోంచి పిలిచినట్టు, "బాగున్నావా తల్లీ!" అంది. అందరూ తిరిగి చూశారు. నేను నేలలోకి చూశాను.

బయటికి వచ్చాక ఆవిడ సంచిలోంచి ఫ్లాస్కు తీసింది. హోటల్ గదిలో తాగడానికి వేడినీళ్లు పట్టుకుందనుకున్నాను నేను. అందులో ఉన్నది పసుపు నీళ్లు. యాంగాన్ నుంచి కాగితంలో చుట్టి తెచ్చిన వేపాకు అందులో తేలుతోంది. అమ్మోరన్నాక ముర్రాటలు పోయకుండా ఎవరైనా ఎందుకు ఊరుకుంటారని ఆవిడ నమ్మకం. నేను అడ్డం వెళ్లేలోపే గోపురం గడప మీద పోయడం మొదలుపెట్టింది.

కాపలాదారు అరుస్తూ పరిగెత్తుకొచ్చాడు. ఫ్లాస్కు లాక్కోవడానికి చెయ్యి చాపాడు. అప్పుడు పట్టుకున్నాను అతని మణికట్టు. "ఖనలే!" అన్నాను. ఒక్క క్షణం ఆగమని, బర్మీస్‌లో. అతనికి ఆ భాష ఎలా తెలుస్తుందని అప్పుడు తోచలేదు. అతను నా వంక చూశాడు, నా చేతి వంక చూశాడు. కోపం కంటే ఆశ్చర్యమే ఎక్కువ. నిజానికి తప్పు మాదే. వెయ్యేళ్ల రాతి మీద పసుపు పోస్తే ఎవరు ఊరుకుంటారు? అయినా నేను వదల్లేదు. మామ్మ అటు తిరిగి కూడా చూడకుండా, ఫ్లాస్కులో చివరి చుక్క దాకా నిదానంగా పోసింది.

పక్కనే చెట్టు నీడలో చాము ఆడవాళ్లు మగ్గాల మీద బట్ట నేస్తున్నారు. అందులోంచి తలకు తెల్లగుడ్డ చుట్టుకున్న ఒక ముసలామె లేచి వచ్చింది. గడప మీద నీళ్లు వేలితో తీసి వాసన చూసింది. కాపలాదారుతో ఏదో అంది. అతను భుజాలు ఎగరేశాడు, నేను చెయ్యి వదిలేశాను. ముసలామె మామ్మ వైపు తిరిగింది. రెండు చేతులూ పైకెత్తి కుండ వంచినట్టు వంచింది. గాలిలో ఒక ముఖాన్ని రుద్దింది, తుడిచింది, చుట్టూ బట్ట చుట్టింది. తర్వాత కాపలాదారునూ, గైడునూ, అక్కడున్న మగవాళ్లందరినీ వేలితో చూపించి, కోళ్లను తోలినట్టు చెయ్యి విసిరి, తలుపు మూసినట్టు అరచేతులు కలిపింది.

గైడు విడమరిచి చెప్పాడు. ఏడాదికోసారి ఈ అమ్మవారికి స్నానం చేయించి బట్టలు మారుస్తారట. చేసేది ఆడవాళ్లు. అది ముగిసేదాకా మిగతావాళ్లు బయట ఆగాలి.

"ఎంతసేపు ఆగుతారో అడుగు" అంది మామ్మ.

గైడు అడిగాడు. చాము ముసలామె పళ్లన్నీ కనిపించేలా నవ్వి ఏదో అంది.

"పని అయ్యేదాకా అంటోంది" అన్నాడు గైడు.

మామ్మ కూడా నవ్వింది. తర్వాత ఇద్దరూ మోకాళ్ల మీద కూర్చుని, ఈవిడ లుంగీ అంచుతో, ఆవిడ తలగుడ్డతో, గడప మీద పసుపు తుడిచారు. మధ్యలో ఒకసారి ఇద్దరి తలలూ ఢీకొన్నాయి. కాపలాదారు ఖాళీ ఫ్లాస్కు పట్టుకుని ఎండలో నిలబడ్డాడు.

తిరుగు బస్సులో మామ్మ కిటికీకి తల ఆనించి, "రాజులు పోనారు. ఊరు ఒకరి సేతిలోంచి ఒకరి సేతిలోకి పోనాది. నీళ్లొయ్యడం మాత్రం ఈలు ఒగ్గనేదు సూడే" అంది. మావయ్య పేరు ఎత్తలేదు.

ఈ వేసవిలో మామ్మకు జబ్బు చేసింది. కుడి చెయ్యి పైకి లేవడం మానేసింది. చేతకాని మనిషి అమ్మోరిని ఇంకెలా చూసుకుంటుందని సంఘంవాళ్లు తీర్మానం చేసేశారు. పండగకు ముందే లారీ తెచ్చి, అమ్మోరిని టౌన్‌లో గుడికి మారుస్తామని కబురు పంపారు.

చెప్పిన రోజు పొద్దున్నే లారీ వచ్చింది. తాళ్లు, గోనె పట్టాలు, మనుషులు, వాళ్లతో మావయ్య. అప్పటికే అమ్మోరి తలుపు ఓరగా వేసి ఉంది. లోపలి నుంచి పసుపు నీళ్లు గడప కిందుగా కాలవ కట్టి వీధిలోకి వస్తున్నాయి. లైన్ల ఆడవాళ్లు కుండలతో వరసగా నిలబడ్డారు. మామ్మ లోపల అమ్మోరి పక్కన పీట వేసుకుని కూర్చుంది.

మావయ్య గడప ముందు ఆగిపోయాడు. "సరే, తడి ఆరేదాకా ఆగుతాం."

"ఆగు బాబూ. నీడలో కూకో" అంది మామ్మ లోపలి నుంచి.

మొదటి కుండ పట్టుకోమని నన్ను పిలిచింది. నేనెప్పుడూ ముర్రాటలు పోయలేదు. పోయమని అడిగే ధైర్యం చేయలేదు. కుండ పక్కకు వంచేసి సగం నీళ్లు నా కాళ్ల మీదే పోసుకున్నాను. "అమ్మోరు ఇటున్నాది గుంటా, అటు కాదు" అంది మామ్మ. ఆడవాళ్లు నవ్వారు. రెండో కుండ నీళ్లు సూటిగా అమ్మోరి తల మీదే పడ్డాయి.

ఎండ ఎక్కింది. కుండలు వస్తూనే ఉన్నాయి. మావయ్య వాచీ చూసుకుంటున్నాడు. కరెంటు లేదు, పంపు ఆడటం లేదు, లైన్లలో డ్రమ్ములు అడుగంటాయి. కుండల మధ్య ఎడం పెరిగింది. రాతి తల మీద ఒక పక్క తడి ఆరుతూ నల్లరంగు బూడిద రంగులోకి మారడం నాకు కనిపిస్తోంది. అది పూర్తిగా ఆరితే లారీవాళ్లు లోపలికి వస్తారు.

అప్పుడు పక్క లైను నుంచి బాప్టిస్టు చర్చికి వెళ్లే మన తెలుగు ఆంటీలు బాల్చీలతో వచ్చారు. "మీము పొయ్యం, అది మీ పని. మొయ్యడానికేటి, మోస్తాం" అన్నారు. దారిన పోయేవాళ్ల కోసం వీధి పక్క మంచినీళ్ల కుండలు పెట్టే బర్మా ఆవిడ, ఆ కుండలే ఎత్తి ఇచ్చేసింది. మళ్లీ నీళ్లు పడ్డాయి. "నెమ్మదిగా పొయ్యండే, పీక పట్టుకుంటాది తల్లికి" అని మామ్మ కసురుతూనే ఉంది.

"అమ్మా, ఇంకా ఎంతసేపు?" మావయ్య గొంతులో విసుగు.

"పని అయ్యేదాకా."

ఆయన నన్ను గడప దగ్గరికి పిలిచి, గొంతు తగ్గించి, "నువ్వు సదువుకున్న పిల్లవి. నువ్వయినా సెప్పవే" అన్నాడు.

నేను వెనక్కి తిరిగి అమ్మోరిని చూశాను. ముక్కు కొస నుంచి బొట్టు బొట్టుగా కారుతోంది.

"ఇంకా తడి ఆరనేదు, మావయ్యా!" అన్నాను.

లారీ దాకా వినిపించింది. వరసలో ఆడవాళ్లందరూ నా వైపు తిరిగారు. లోపల మామ్మ నవ్వడం, ఆ నవ్వులోంచి దగ్గడం విన్నాను. మధ్యాహ్నం దాటాక డ్రైవరు వేరే లోడు ఉందని గొడవ పెట్టి ఖాళీ లారీ వేసుకుని పోయాడు. మావయ్య నడిచి స్టేషనుకు వెళ్లాడు. అప్పుడు మామ్మ తుడిచే గుడ్డ నా చేతిలో పెట్టింది. చెవి వెనక ఎలా తుడవాలో, చీర కుచ్చిళ్లు రాతికి ఎలా నిలబెట్టాలో కూర్చున్న చోటి నుంచే తిడుతూ నేర్పింది.

ఇప్పుడు ఆ గుడ్డ నా దగ్గరే ఉంటోంది. ఉద్యోగానికి వెళ్లే ముందు తలుపు తీసేది నేనే. అమ్మోరిని మామ్మలాగ పలకరించడం నాకింకా రావడం లేదు. మావయ్య మా ఇంటికి వస్తూనే ఉన్నాడు. అన్నం తింటాడు, నాతో మాట్లాడడు.

మామ్మ మంచం పట్టాక సాయంత్రాలు ఆఫీసు నుంచి నేరుగా ఆవిడ దగ్గరికే వెళ్లేదాన్ని. చివరిసారి వెళ్లిన రోజు మొదటి పెద్ద వాన పడింది. మావయ్య కబురు పంపాడని, ఈసారి మనుషుల్ని ఎక్కువ మందిని తీసుకుని మళ్లీ వస్తాడని చెప్పాను. మామ్మ కళ్లు మూసుకునే ఉంది. రేకుల మీద వాన హోరు. నిద్రపోయిందేమోనని లేవబోయాను. అప్పుడు కళ్లు తెరవకుండానే అంది:

"రానీయే. రంగంలో నీళ్లకి కరువేటి?"